గుండ్లు, గరుసు, పణుకు: పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా సైకిళ్ల మీద ఐదు రోజులు

మొదటి రోజు

ఐదింటికల్లా కోట దగ్గర ఉండాలని వాట్సాప్‌లో నాలుగుసార్లు రాసుకున్నాం. బావ ఆరింటికి వచ్చాడు. "మీ చెల్లి ఉప్మా తినకుండా కదలనివ్వలేదు" అన్నాడు. ఆ మాట నిజమే అయ్యుంటుంది. ఆవిడ నా సొంత చెల్లెలు కాబట్టి నేనేమీ అనలేకపోయాను.

మేం నలుగురం. బావకి పర్లాకిమిడి బజార్లో కరెంటు సామాన్ల కొట్టుంది. నేను బ్యాంకులో గుమాస్తాని. మెకానిక్ తమ్ముడు పాతపట్నం నుంచి వస్తాడు. వాళ్లది ఆంధ్రా, మాది ఒడిశా. మధ్యలో రాష్ట్రం మారుతుంది గాని టీ రుచి మారదు. నాలుగో ఆయన మాస్టారు. తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యారు, అరవై మూడేళ్లు. మా అందరికంటే ముందు కొండెక్కేది ఆయనే.

బావ సైకిల్ కొత్తది. ముందు షాకులు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, వెనక పదకొండు గేర్లు. యాభై రెండు వేలు పోశాడు. ఇంట్లో మాత్రం "సెకండ్ హ్యాండ్‌లో పద్దెనిమిది వేలకి దొరికింది" అని చెప్పాడు. కొన్న రోజు నేను పక్కనే ఉన్నాను గనక ఈ అబద్ధంలో నాకూ వాటా ఉంది.

ఊరు దాటేసరికి మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందువాడి ఎర్ర లైటు తప్ప ఏమీ కనబడలేదు. డిసెంబర్ కదా, కళ్లాలు చాలక వడ్లు తారురోడ్డు మీదే ఆరబోశారు. వాటి మీద చక్రం పడితే ఇసుక మీద పడ్డట్టే, బ్రేకు పట్టామా ఇక నేల మీదే. పైగా తొక్కితే పాపం కూడానూ. ఆ పక్కనే గోనెసంచి కప్పుకుని కూర్చున్న ముసలామె చేత్తో "అటు, అటు" అని దారి చూపించింది.

మొదటి ఆగుడు టిఫినుకి. చిన్న పాక కొట్టు. రెండు ఇడ్లీలు, వాటి మీద గరిటెడు ఘుగునీ, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు. శ్రీకాకుళం చుట్టాలకి ఇది చూపిస్తే మొహం అదోలా పెడతారు, ఇడ్లీ మీద బఠానీ కూరేంటని. మాకు మాత్రం చట్నీతో తింటేనే ఏదో తక్కువైనట్టుంటుంది.

అక్కడే టైర్ల గొడవ మొదలైంది. తమ్ముడిది ట్యూబ్‌లెస్. గాలి పాతిక పీఎస్ఐ దాటనివ్వడు. రాళ్ల మీద టైరు కాస్త మెత్తగా ఉంటేనే పట్టు దొరుకుతుందంటాడు. మా ముగ్గురివీ ట్యూబులు. ట్యూబుతో అంత తక్కువ గాలి పెడితే రాయి అంచు తగిలినప్పుడు టైరు నలిగి, రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు ఇరుక్కుని రెండు చోట్ల పంక్చరవుతుంది, పాము కాటు పడ్డట్టు జంట గాట్లు. అందుకని మేం ముప్పై అయిదు పెట్టాం. "అన్నా, ఆ గాలితో రాక్ గార్డెన్‌లోకి దిగితే బంతిలా ఎగురుతారు" అన్నాడు తమ్ముడు.

"రాక్ గార్డెన్ ఏమిటిరా?" అన్నారు మాస్టారు.

"అంటే రాళ్లు రాళ్లుగా ఉండే చోటు సార్. యూట్యూబ్‌లో అందరూ అలాగే అంటారు."

"తోటా అది? గుండ్ల దారి అను. మన నోట్లో మాట ఉండగా అప్పెందుకు?"

మాస్టారికి ఈ పిచ్చి ఎక్కడిదో మా ఊళ్లో అందరికీ తెలుసు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆయన పుట్టినరోజనే ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. ఆయన ఇక్కడి కొండజాతి సవరల భాష నేర్చుకుని, మాటలన్నీ పోగేసి నిఘంటువు కట్టారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోయినప్పుడు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. మంగేయి గొమాంగో సవర భాషకి సొరంగ్ సొంపెంగ్ లిపి తయారుచేసిందీ ఆ ఏడాదే. "1936లో మన చుట్టుపక్కల అందరికీ భాష మీదే పనిపడింది" అంటుంటారు మాస్టారు. ఆయన జేబులో చిన్న నోటుపుస్తకం ఎప్పుడూ ఉంటుంది, పంక్చర్ కిట్టు ఉన్నా లేకపోయినా.

మధ్యాహ్నం నుంచి ఎక్కుడు. జీడిమామిడి తోటలు, ఆ తర్వాత కొండవాలు పోడు చేలు. తారు ఉన్నచోట బాగుంది, లేనిచోట ఎర్రటి సన్నరాళ్లు. తూర్పు కనుమల్లో విరివిగా దొరికే ఖొండలైట్ అనే రాయికి ఇక్కడి కొండజాతి ఖోండుల పేరే పెట్టారు. అది ఎండకీ వానకీ చివికి ఇలా రాలుతుంది. దిగేటప్పుడు చక్రం కింద గోళీలు పోసినట్టుంటుంది. దీనికి తమ్ముడు "లూజ్ గ్రావెల్" అన్నాడు. మాస్టారు నోరు తెరిచేలోపే బావ "గరుసు, గరుసు" అని అరిచాడు. ఆయాసంలో అంతకంటే మాట రాలేదు.

రాత్రికి కొయిన్‌పూర్ వైపు మాస్టారి పాత శిష్యుడి ఇంట్లో బస. ఆయన సవర. ఇంట్లో సవర, బజార్లో ఒడియా, మాస్టారితో తెలుగు. వేడివేడి అన్నం, నాటుకోడి పులుసు, కొండ అల్లం దంచి వేసిన కందిపప్పు. భోజనానికి ముందు జీలుగు కల్లు వచ్చింది. పొద్దుటి కల్లు తియ్యగా కొబ్బరినీళ్లలా ఉంటుంది, సాయంత్రానికి గడుసుదేలుతుంది. మాస్టారు వద్దన్నారు, బావ రెండు లోటాలు తాగాడు. రెండో లోటా అయ్యాక మా చెల్లికి ఫోన్ చేసి సైకిల్ ధర నిజం చెప్పేస్తానన్నాడు. సిగ్నల్ లేకపోవడం వల్ల బతికిపోయాడు.

రెండో రోజు

మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైనది మాత్రం కొరాపుట్ దగ్గరి దేవమాలి. పైదాకా జీపులు పోయే దారి ఉంది. ఆ దారినే తొక్కుకుంటూ వెళ్లాం, "తొక్కుకుంటూ" అన్న మాట సగం దూరానికే వర్తిస్తుంది. మిగతా సగం సైకిళ్లని మేం మోశాం.

ఎక్కేటప్పుడు మాస్టారు ఒక లెక్క పెట్టారు. వాక్యం మధ్యలో ఆగకుండా మాట్లాడగలిగితే సరైన గేరులో ఉన్నట్టు, వాక్యం తెగితే గేరు దించాలి. అది మంచి లెక్కే. చిక్కేమిటంటే ఆయన వాక్యం తెగదు. మా ముగ్గురికీ మాటలే లేవు, ఆయనొక్కరే పిల్లల సంగతి ఎత్తారు. బావ కొడుకు ఏడో తరగతి. ఒడియా గడగడా రాస్తాడు, ఇంగ్లీషూ వచ్చు. తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. పెళ్లి శుభలేఖ ఇస్తే తిరగేసి ఒడియా వైపు చూస్తాడు. మా ఊళ్లో శుభలేఖలు రెండు లిపుల్లో వేయిస్తారు లెండి. "వాడికి తెలుగెందుకు మాస్టారూ, ఉద్యోగం ఇక్కడేగా" అన్నాడు బావ ఊపిరి పీల్చుకుంటూ. మాస్టారు జవాబివ్వలేదు. గేరు మార్చిన చప్పుడొక్కటే వినబడింది.

పైన గాలి చల్లగా కోస్తోంది. మోకాలెత్తు గడ్డి అంతా ఒకే వైపు వాలిపోయి ఉంది. సైకిళ్లని గుళ్లకి దూరంగా ఆనించి నడిచి వెళ్లాం. పూజలు జరిగే చోట టైర్లతో తిరగకూడదు, పైగా 2022లో ఈ కొండని జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు. దారి తప్పి గడ్డిలోకి చక్రం దింపొద్దని ముందే ఒట్టు పెట్టుకున్నాం. భీముడి గుడి చిన్నదే. కానీ ఆ రాతిదిమ్మలు చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. కుంతి గుళ్లో గోకర్ణేశ్వరుడు, తూర్పు గాంగుల ఇలవేలుపు. ధర్మరాజు గుళ్లో రాజేంద్ర చోళుడి శాసనం ఉంది. తమిళదేశం నుంచి సైన్యంతో ఇక్కడికి వచ్చారంటే, "ఏ గేరులో ఎక్కారో" అన్నాడు తమ్ముడు. శివరాత్రికి ఇక్కడ జనం ఇసకేస్తే రాలరు. ఆ రోజు మాత్రం మేమూ, రెండు మేకలూ. సముద్రం కనబడుతుందంటారు గాని మంచు తెర తీయలేదు.

అసలు కథ దిగుడులో ఉంది.

సగం దూరం జీపు దారినే వచ్చి, అక్కణ్ణించి మా ఆతిథేయుడి ఊరికి పోయే కాలిబాట పట్టాం. కట్టెలకీ పశువులకీ జనం నడిచే బాట. ఆయన ముందే చెప్పి పంపాడు, "ఎవరైనా ఎదురొస్తే మీరు దిగి నిలబడండి, వాళ్ల నెత్తిన బరువుంటుంది" అని. మొదట గుండ్లు. ఏనుగు పిల్లంత గుండు ఒకటి, దాని పక్కనించి మేకంత గుండ్లు నాలుగు. ఇలాంటి చోట చేసే పని ఒక్కటే. పెడళ్లు రెండూ సమంగా పెట్టి లేచి నిలబడి, నడుము వెనక్కి వేసి, చూపు మాత్రం రాయి మీద కాకుండా రాళ్ల మధ్య సందు మీద పెట్టాలి. రాయిని చూస్తే సైకిల్ రాయి దగ్గరికే పోతుంది. ఎందుకో తెలీదు గాని పోతుంది. నేను రెండో గుండుని చూశాను. హ్యాండిల్ వంకర తిరిగి తుప్పలో పడ్డాను. బ్యాగులో ఉన్న మినపసున్ని ఉండలు పొడైపోవడం తప్ప నష్టమేమీ లేదు. తర్వాత ఆ పొడినే నలుగురం గుప్పిళ్లతో తిన్నాం.

గుండ్ల తర్వాత గరుసు, గరుసు తర్వాత చిన్న గెడ్డ, అంటే కొండవాగు. గెడ్డ దాటగానే నున్నటి రాతిపలక, రెండు మంచాలంత వెడల్పు, ఏటవాలు. ఎండలో నల్లగా మెరుస్తోంది. పైనుంచి సన్నగా ఊట కారుతోంది, దాని మీద పాచి. తమ్ముడు బ్రేకు ముట్టకుండా గీత గీసినట్టు దిగిపోయాడు. మాస్టారు దిగి నడిచారు. బావ మధ్యలో భయపడి ముందు బ్రేకు పట్టాడు.

చప్పుడు రెండుసార్లు వచ్చింది. మొదటిది బావది, రెండోది సైకిల్‌ది. మోకాలు చీరుకుపోయింది. సైకిల్ కుడివైపు పడింది, అంటే గేర్లు మార్చే డీరైలర్ వైపు. దాన్ని ఫ్రేముకి పట్టించే హ్యాంగర్ పుటుక్కున విరిగింది. అదొక చిన్న అల్యూమినియం ముక్క. కావాలనే మెత్తటిది పెడతారు, దెబ్బ తగిలితే అది పోయి ఫ్రేము బతకాలని. చిక్కేమిటంటే ప్రతి ఫ్రేముకీ దాని ఆకారం వేరు. ఒకదానిది ఇంకోదానికి పట్టదు.

"స్పేర్ హ్యాంగర్ కొనమని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాడు తమ్ముడు.

"అప్పటికే యాభై రెండయింది కదరా" అన్నాడు బావ రక్తం తుడుచుకుంటూ.

మాస్టారు వంగి ఆ పలకని అరచేత్తో నిమిరారు. "దీన్నేమంటారు నీ యూట్యూబ్‌లో?"

"స్లాబ్ అంటారు సార్."

"పణుకు అంటార్రా. మా అమ్మ పణుకు మీదే వడియాలు పెట్టేది. ఎండకి కాలుతుంది, తడిస్తే జారుతుంది. బట్టలుతికేవాళ్లని అడిగినా చెప్తారు." నోటుపుస్తకం తీశారు. బావ మోకాలికి గుడ్డ కట్టకముందే ఆయన ఆ మాట రాసుకున్నారు. బావకి చాలా కోపం వచ్చింది.

ఊళ్లోకి నడిపించుకొచ్చి అరుగు మీద సైకిల్ తిరగేశాం. పాతికమంది పిల్లలు చేరారు. తమ్ముడు చేసిన పని చెప్పుకోవాలి. విరిగిన డీరైలర్ ఊడదీసి గుడ్డలో చుట్టాడు. చెయిన్ తెంపే పనిముట్టుతో పిన్ను నెట్టి చెయిన్ విప్పాడు. దాన్ని ముందు పళ్లచక్రం మీంచి వెనక మధ్య పళ్లచక్రం మీదికి వేసి, ఎన్ని లింకులకి బిగుతుగా కూర్చుంటుందో చూసి, ఎక్కువైనవి తీసేసి క్విక్ లింకుతో కలిపాడు. ఇలాంటి ఫ్రేములో వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ జరపడం కుదరదు, అందుకని సరిగ్గా బిగుసుకునే పళ్లచక్రం దొరికేదాకా మూడుసార్లు మార్చాల్సి వచ్చింది. వదులుంటే చెయిన్ ఊడుతుంది, మరీ బిగిస్తే తెగుతుంది. గంటంబావు పట్టింది. పదకొండు గేర్ల సైకిల్ ఒంటి గేరుదైంది. ఓ పిల్లాడు తీసేసిన లింకుల ముక్క అడిగి పట్టుకెళ్లి మెళ్లో వేసుకున్నాడు.

మూడో రోజు

చెప్పుకోడానికేం లేదు. ఒంటి గేరుతో ఘాట్ ఎక్కలేం గనక మోహనా వైపు పోయే కూరగాయల పికప్ వ్యాన్‌లో సైకిళ్లు పడేసి, క్యాబేజీల మధ్య కూర్చున్నాం. ఆర్.ఉదయగిరి దగ్గర బరా, చకులీ తిన్నాం, అంటే మన వడ, అట్టు లాంటివే. రాత్రి ఒక లాడ్జీలో సైకిళ్లు గదిలో పెట్టుకోనివ్వం అన్నారు, టైల్సు పాడవుతాయట. బావ తన సైకిల్‌తో పాటు వరండాలోనే పడుకున్నాడు. దోమలు కుట్టాయని పొద్దున్న చెప్పాడు. అది కొత్త సంగతి కాదు.

నాలుగో రోజు

మోహనా నుంచి చంద్రగిరి వైపు దారి ఎగుడుదిగుడుగా, హాయిగా ఉంది. రెండు పక్కలా మొక్కజొన్న కోసేసిన చేలు. ఇక్కడ టిబెట్ శరణార్థులు 1963 నుంచి ఉంటున్నారు. ఈ నేలలో వాళ్లు నమ్ముకున్నది మొక్కజొన్ననే. ఆ పంటకి ఏనుగులు దిగుతాయి. పొలాల్లో మంచెలు కనబడ్డాయి.

జీరంగ్‌లో పద్మసంభవ మహావిహారం. 2010 జనవరిలో దలైలామా వచ్చి ప్రారంభించారు. పసుపూ ఎరుపూ రంగుల్లో అంత పెద్ద కట్టడం కొండల మధ్య ఒక్కసారిగా ఎదురుపడితే, సైకిల్ దానంతటదే ఆగిపోతుంది. లోపలికి చెప్పులు విడిచి వెళ్లాం. నా సాక్సు చిల్లులోంచి బొటనవేలు బయటికొచ్చింది. అక్కడున్న చిన్న బిక్షువు నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఊరు మాత్రం ఖాళీగా ఉంది. ఏమైందని అడిగితే హోటలామె ఒడియాలో చెప్పింది, చలికాలం కదా, చాలామంది స్వెట్టర్లు అమ్ముకోవడానికి ఊళ్లు పోయారని. నేను వేసుకున్న స్వెట్టరు పట్టి చూసి "ఎక్కడ కొన్నావు?" అంది. విశాఖపట్నం అన్నాను, రోడ్డు పక్క టిబెట్ వాళ్ల దగ్గర. ఎంతకిచ్చారంది. ఏడొందలు అన్నాను. ఆమె వంటగదిలోకి చూసి ఏదో అంది. లోపలినుంచి ముసలాయన గట్టిగా నవ్వాడు. ఎక్కువిచ్చానో తక్కువిచ్చానో ఇప్పటికీ తేలలేదు.

తుక్పా తాగాం. గోధుమ సేవలు, ఆకుకూర, మాంసం ముక్కలు వేసిన పులుసు. అందులో ఎర్రకారం ముద్ద కలుపుకుంటే చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. మోమోలు వచ్చాక బావ చేత్తో తుంచి కారంలో ముంచి, "ఇది మన కుడుమే బావా, లోపల కొబ్బరి బదులు కోడి పెట్టారు" అన్నాడు. మాస్టారు కుడుము అన్న మాటకి చాలా సంతోషించారు. ఆయన పక్కబల్ల దగ్గర టీ తాగుతున్న పెద్దమనిషిని, మీ పిల్లలు టిబెటన్ చదవగలరా అని అడిగారు. బడిలో నేర్పుతారు, చదువుతారు అన్నాడాయన. మాస్టారు బావ వైపు చూడలేదు. బావ తన ప్లేటులోకే చూస్తూ ఇంకో మోమో తీసుకున్నాడు.

సాయంత్రానికి తప్తపాణి. గంధకం వాసన ముందే ఎదురొస్తుంది. వేడినీళ్ల ఊట దగ్గర కంధీ దేవి గుడి. ఊట నీళ్లు పారించిన కుండంలో కాళ్లు పెట్టి కూర్చున్నాం. బావ మోకాలి దెబ్బకి నీళ్లు తగిలి కెవ్వుమన్నాడు. మూడు రోజుల నొప్పులు ఆ నీళ్లలో దిగిపోతుంటే ఎవరికీ మాట్లాడాలనిపించలేదు. కాసేపటికి బావే అన్నాడు: "వేసవి సెలవుల్లో వాణ్ణి పొద్దున్నే మీ ఇంటికి పంపనా మాస్టారూ? రోజూ గంట." "సైకిలెక్కి రమ్మను" అన్నారు మాస్టారు.

ఐదో రోజు

తప్తపాణి నుంచి బరంపురం యాభై కిలోమీటర్లు. ఘాట్ దిగుడులో బావకి తమ్ముడు ఒకటే చెప్పాడు: బ్రేకు పట్టి ఉంచొద్దు, పట్టి వదులు, పట్టి వదులు. పట్టి ఉంచితే డిస్కు కాలిపోయి, ఆఖరికి లీవరు నొక్కినా బండి ఆగదు. కింద చేరాక తమ్ముడు తన డిస్కు మీద రెండు చుక్కల నీళ్లు చల్లి చూపించాడు. చుయ్‌మంది. బావది అంతకంటే గట్టిగా చుయ్‌మంది. దిగపహండి దాటాక అంతా చదును, ట్రాఫిక్కు, దుమ్ము. ఒంటి గేరుతో బావ కాళ్లు బొంగరాల్లా తిరిగాయి.

బరంపురంలో ముందు టిఫిను. ఉప్మా మీద ఘుగునీ పోసి, పక్కన రెండు వడలు. దాని పక్కనే సైకిళ్ల షాపు. తెలిసినవాళ్ల ద్వారా ముందే కబురు చేశాం, అదే మోడల్ హ్యాంగర్ ఒకటి ఉందన్నారు. మాస్టారు ప్లేటు చేత్తో పట్టుకునే లోపలికి వచ్చారు. షాపాయన ఒడియా మనిషి, తెలుగు ముక్క రాదు. విరిగిన ముక్కని కళ్లద్దాలెత్తి చూసి "కెమితి భాంగిలా?" అన్నాడు, ఎలా విరిగిందని.

తమ్ముడు చెయ్యి ఏటవాలుగా పెట్టి చూపిస్తూ, "పణుకు ఉపరె ఖసి పడిలా" అన్నాడు, పణుకు మీద జారి పడిందని.

"పణుకు?" అన్నాడు షాపాయన. "సెఇటా కణ?" అంటే అదేమిటని.

తమ్ముడు మాస్టారి వైపు చూశాడు. మాస్టారు ఉప్మా ప్లేటు బల్ల మీద పెట్టి, మూతి తుడుచుకున్నారు. బావ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.